ఓరుగల్లు తుది ప్రభువు ప్రతాపరుద్రుడు

తెలుగువారి పూర్వచరిత్రలో ఓరుగల్లు పేరు వినినంతనే రాణి రుద్రమదేవి స్మరణకు వచ్చుట సహజము. ఆమె అనంతరము సింహాసనమెక్కి, ఆ రాజ్యముతోడనే అస్తమించిన ప్రతాపరుద్ర చక్రవర్తి గాథను పిల్లలకు చెప్పువారు మాత్రము తక్కువ. గెలిచినవారి కథ గర్వము నిచ్చును. ఓడినవారి కథ వివేకము నిచ్చును. సంతతికి రెండును అవసరమే.

కాకతి గణపతిదేవునకు పుత్రులు లేనందున కుమార్తె రుద్రమదేవి రాజ్యభారము వహించెను. ఆమెయు తన కుమార్తె ముమ్మడమ్మ కన్న ప్రతాపరుద్రుని వారసునిగా స్వీకరించి, రాజనీతియందును యుద్ధవిద్యయందును తీర్చిదిద్దెను. కాయస్థ అంబదేవుని తిరుగుబాటుతో దక్షిణభాగము అల్లకల్లోలమై యుండగా 1289లో రాణి దివంగతురాలయ్యెను. యువకుడైన మనుమడు ఆ క్లిష్టసమయమున కిరీటము ధరించి, తిరుగుబాటు నణచి, పోయిన భూములను మరల రాబట్టెను.

ఆయన పాలన యుద్ధములకే పరిమితము కాలేదు. సైన్యమును పోషించు నాయకులకు సీమలను అప్పగించు నాయంకర పద్ధతిని ఆయన దృఢపరచెను. కోట బురుజులు డెబ్బదియేడింటిని డెబ్బదియేడుగురు నాయకులు కాచిరని జనశ్రుతి. నేడు రాయలసీమ యనబడు ప్రాంతమున అడవులు కొట్టించి, పొలములు చేయించి, క్రొత్త గ్రామములు వెలయించెను. విద్యానాథ కవి ఆయన పేరిట ప్రతాపరుద్రీయ మను అలంకారశాస్త్రమును సంస్కృతమున రచించెను. 1316లో ముప్పిడి నాయకుడు ఆయన సేనలతో కాంచీపురము వరకు నడచెను.

ఇట్టి రాజ్యముపై ఢిల్లీ సుల్తానుల దృష్టి పడెను. 1303లో వచ్చిన మొదటి సేన విఫలమై మరలిపోయెను. 1309లో బయలుదేరిన మాలిక్ కాఫూర్ మరుసటి యేట ఓరుగల్లును ముట్టడించెను. వెలుపలి మట్టికోట శత్రువుల వశమైన పిమ్మట ప్రతాపరుద్రుడు సంధికి అంగీకరించి, ఏనుగులను, గుఱ్ఱములను, అపారధనమును సమర్పించి రాజధానిని కాపాడుకొనెను. 1318లో ఖుస్రూఖాన్ వచ్చి మరల కప్పము గొనిపోయెను.

ఢిల్లీలో వంశము మారి 1320లో గియాసుద్దీన్ తుగ్లక్ సుల్తానయ్యెను. కప్పము నిలిచినదను కారణమున ఆయన కుమారుడు ఉలూగ్‌ఖాన్ పెద్దసేనతో ఓరుగల్లుపై దండెత్తెను. ముట్టడి సాగుచుండగా సుల్తాను మరణించెనను వదంతి పాళెమున వ్యాపించెను. సేన చెదరెను, ఉలూగ్‌ఖాన్ దేవగిరికి వెనుదిరిగెను. అయితే ఓరుగల్లునకు లభించిన ఆ ఊరట కొలది నెలలదే. క్రొత్త బలములతో ఆయన తిరిగి వచ్చి, త్రోవలో బీదరును, బోధనును పట్టుకొని, రాజధానిని మరల చుట్టుముట్టెను. నెలల తరబడి పోరాడిన కోట 1323లో పతనమయ్యెను. స్వయంభూశివుని ఆలయము నేలమట్టమయ్యెను. నాలుగు కీర్తితోరణములు మాత్రము నేటికిని నిలిచి ఆనాటి వైభవమునకు సాక్ష్యమిచ్చుచున్నవి.

ఓరుగల్లునకు సుల్తాన్‌పూర్ అని క్రొత్తపేరు పెట్టిరి. పతనము రాజధానితో ఆగలేదు. సేనలు తూర్పుతీరమునకు సాగి గోదావరీ ప్రాంతమును ఆక్రమించెను. రాజమహేంద్రవరమున 1324 నాటి శాసనముగల మసీదు ఆ కాలమునకు గుర్తుగా నున్నది. తెలంగాణము నుండి బందీగా కొనిపోబడిన ఒక నాయకుడు మాలిక్ మక్బూల్ అను క్రొత్తపేరు పొంది, ఫిరోజ్‌షా కాలమున ఢిల్లీకి ప్రధానమంత్రి కాగలిగెను. ప్రతాపరుద్రుని గతి వేరు. ఆయనను బంధించి ఢిల్లీకి పంపిరి. త్రోవలో నర్మదా తీరమున ఆయన ప్రాణములు విడిచెనని ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనము తెలుపుచున్నది. 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనమును బట్టి ఆయన తన యిచ్ఛచేతనే స్వర్గస్థుడయ్యెను.

నాయకుల నడుమ ఐకమత్యము కొరవడుటయే ఈ పతనమునకు ముఖ్యకారణమని చెప్పువారు కలరు. అది నిజమైనచో ఆ నాయకులు పాఠమును త్వరలోనే నేర్చిరనవలెను. ప్రోలయ నాయకుడు గోదావరీ తీరపు రేకపల్లిలో నిలిచి చెదరినవారిని కూడగట్టెను. ఆయన పిమ్మట కాపయ నాయకుడు 1336 ప్రాంతమున ఓరుగల్లును విడిపించెను. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి మరొక రాజ్యమునకు పునాది వైచెను.

ఆ గోదావరీ తీరపు గ్రామముల నుండియు, విశాఖ సీమ నుండియు ఐదు శతాబ్దుల తరువాత వేలకొలది కుటుంబములు కూలి ఒప్పందములపై ఓడలెక్కి మారిషస్, నేటాల్, ఫిజీ చెరకుతోటలకు చేరెను. వారిలోను త్రోవలోనే కన్నుమూసినవారు కలరు. తిరిగి ఊరు చూడనివారు అనేకులు. వారికి కోటలు లేవు, శాసనములు లేవు. అయినను భాషను, రామభజనను, ఇంటిపేరును విడువలేదు. ఆ సంతతి నేడు పలుదేశములకు వ్యాపించినది. బాతెల్ వంటి దూరపు పట్టణమున తెలుగు దీపము వెలిగించువారికి సయితము ప్రతాపరుద్రుని చరిత్ర చెప్పునది ఒక్కటే: రాజధాని కూలినను జాతి కూలదు, చెదరినవారు మరల కూడినచోటనే అది బ్రదుకును.