వంకర వేళ్లతో లక్ష ఆపరేషన్లు: మదురై డాక్టర్ వెంకటస్వామి

దక్షిణ తమిళనాడు పల్లెల్లో పెద్దవాళ్లకు చూపు మందగిస్తే ముందు గుర్తొచ్చేది మదురై అరవింద్ కంటి ఆసుపత్రి. దాన్ని స్థాపించిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారు 1918 అక్టోబరు 1న ఎట్టయపురం దగ్గర వడమలాపురంలో రైతు కుటుంబంలో పుట్టారు. మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న నల్లరేగడి సీమ అది.

చుట్టాలమ్మాయిలు కాన్పుల్లో చనిపోవడం చూసి ప్రసూతి వైద్యుడు కావాలనుకున్నారు. 1944లో మద్రాసు స్టాన్లీ కాలేజీలో ఎంబీబీఎస్ పూర్తిచేసి సైన్యంలో చేరారు. అక్కడ కీళ్లవాతం మంచాన పడేసింది. వేళ్లు వంకరపోయాయి. 1948లో సైన్యం నుంచి వచ్చేశాక కంటి వైద్యం చదివి, ఆ వేళ్లతోనే కత్తి పట్టడం నేర్చుకున్నారు. జీవితకాలంలో లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు.

1956 నుంచి మదురై ప్రభుత్వ వైద్యంలో ఉంటూ ఊరూరా కంటి క్యాంపులు పెట్టారు. శుక్లాలున్నాయని చెప్పినా, ఆపరేషన్ ఉచితమన్నా చాలామంది వచ్చేవారు కాదు. బస్సు చార్జీ, తిండి, తోడు వచ్చే మనిషి పోగొట్టుకునే కూలి... ఇవన్నీ ఖర్చే కదా! అందుకే తర్వాత అరవింద్ వాళ్లు క్యాంపు నుంచే రోగులను బస్సులో తెచ్చి, తిండి పెట్టి, ఆపరేషన్ చేసి, మళ్లీ ఊళ్లో దింపే పద్ధతి పెట్టారు. దీనివల్ల ఎందరు వస్తున్నారో ఆసుపత్రికీ ముందే తెలిసేది.

1976లో 58 ఏళ్లకు రిటైరై, తోబుట్టువులతో కలిసి ఒక ఇంట్లో 11 మంచాలతో ఆసుపత్రి తెరిచారు. ఇల్లు తాకట్టు పెట్టారు. 1981 నాటికి 250 మంచాల భవనం లేచింది.

అయితే క్యూ తరిగింది మంచాలు పెరగడం వల్ల మాత్రమే కాదు. అన్నిటికన్నా కరువు డాక్టరు సమయానికే అని ఆయన పసిగట్టారు. థియేటర్లో రెండు బల్లలు పక్కపక్కనే వేయించారు. ఒకరికి ఆపరేషన్ జరుగుతుంటే రెండో బల్ల మీద ఇంకొకరిని నర్సులు సిద్ధం చేస్తారు. మొదటిది ముగియగానే డాక్టరు మైక్రోస్కోపును పక్కకు తిప్పుకుంటే చాలు. చూపు పరీక్ష, మందు చుక్కలు, కట్టు, రికార్డులు అన్నీ రెండేళ్ల శిక్షణ పొందిన పల్లె ఆడపిల్లల పని. ఉచిత విభాగంలో మంచాల బదులు చాపలే ఎక్కువ. డాక్టర్లు మాత్రం డబ్బు కట్టేవారికీ కట్టలేనివారికీ వాళ్లే, వంతులవారీగా. కట్టేవారి సొమ్ముతోనే మిగతావారి వైద్యం నడిచేది.

ఈ ఆలోచనకు ఊపు అమెరికాలో చూసిన హాంబర్గర్ కొట్లు ఇచ్చాయి. ఎక్కడైనా ఒకే తీరు, ఒకే ధర, వేగం. వైద్యాన్ని తిండి కొట్టుతో పోల్చడమేమిటని ముఖం చిట్లించేవారు ఉంటారు. కానీ వరుసలో తన వంతు కోసం చూసే ముసలమ్మకు పోలికతో పనేముంది?

కంటిలో పెట్టే లెన్సు దిగుమతిది కావడంతో పేదలకు అందేది కాదు. 1992లో ఆరోలాబ్ పెట్టి మదురైలోనే చౌకగా తయారుచేయించారు. పెళ్లి చేసుకోలేదు. 2006 జులై 7న కన్నుమూసేనాటికి మదురై, తేని, తిరునల్వేలి, కోయంబత్తూరు, పుదుచ్చేరిలలో అరవింద్ ఆసుపత్రులు నడుస్తున్నాయి.