మందులు వద్దన్న డాక్టర్.. ఆస్టియోపతి పుట్టింది ఆయన చేతుల్లోనే

జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల నడుం నొప్పులకు కొదవ లేదు. పామాయిల్ తోటల్లో గెలలు కోసేవాళ్లు, పొగాకు బ్యారన్ల దగ్గర పనిచేసేవాళ్లు, రోజంతా కుట్టుమిషను ముందు కూర్చునే ఆడవాళ్లు.. అందరిదీ ఒకటే బాధ. ఫోన్లో వీడియోలు చూసి కొందరు ఆస్టియోపతి గురించి అడుగుతున్నారు. పేరులో ఎముక అనే అర్థం ఉంది కదా, పుత్తూరు కట్టు లాంటిదే అనుకునేవాళ్లూ ఉన్నారు. అది వేరు, ఇది వేరు. ఇదేమిటో, దీని హద్దులెక్కడో తెలియాలంటే మొదలుపెట్టిన ఆండ్రూ టేలర్ స్టిల్ జీవితం చూడాలి.

స్టిల్ 1828 ఆగస్టు 6న అమెరికాలోని వర్జీనియాలో పుట్టారు. తండ్రి చర్చి బోధకుడు, వైద్యం కూడా చేసేవారు. పిల్లాడికి తలనొప్పి తరచూ వచ్చేది. పదేళ్ల వయసులో ఒకరోజు భరించలేక, చెట్ల మధ్య ఉన్న ఉయ్యాల తాడును నేలకు దగ్గరగా దించి, దానిపై దుప్పటి వేసి మెడ ఆనించి పడుకున్నాడు. లేచేసరికి నొప్పి పోయింది. తన వైద్యానికి అదే తొలి పాఠమని పెద్దయ్యాక రాసుకున్నారు.

ఆ రోజుల్లో అక్కడ కాలేజీ మెట్లెక్కకుండానే డాక్టర్ కావచ్చు. స్టిల్ తండ్రి వెంట తిరిగి నేర్చుకున్నారు. బానిసత్వాన్ని గట్టిగా ఎదిరించారు, 1857లో కాన్సస్ చట్టసభకు ఎన్నికయ్యారు, అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పనిచేశారు.

1864లో ఆ ఇంటి మీద పిడుగు పడింది. మెదడు పొరల జ్వరం వచ్చి ముగ్గురు పిల్లలు పోయారు. ఇద్దరు కన్నవాళ్లు, ఒకరు పెంచుకున్న బిడ్డ. ఆ వెంటనే న్యుమోనియాతో ఇంకో బిడ్డ. ఊళ్లో డాక్టర్లు వచ్చి చేయగలిగిందంతా చేశారు. తండ్రీ వైద్యుడే. ఎవరి చేతిలోనూ పనికొచ్చే మందు లేదు. అప్పటి మందులంటే పాదరసంతో చేసిన కాలోమెల్, నల్లమందు, విస్కీ లాంటివే. వాటిలో చాలావరకు జబ్బు కంటే ఎక్కువ చెరుపు చేసేవి. ఆ మందుల మీద ఆయనకు నమ్మకం పోవడంలో ఆశ్చర్యమేముంది?

ఆ తర్వాత పదేళ్లు ఎముకలను పట్టి పట్టి చదివారు. వెన్నెముక, కీళ్లు, కండరాలు సరిగా కదిలితే రక్తప్రసరణ బాగుంటుందని, శరీరం తనను తాను బాగుచేసుకుంటుందని 1874లో ప్రకటించారు. తన కుటుంబం భూమి ఇచ్చి నిలబెట్టిన బేకర్ యూనివర్సిటీయే ఆయన్ని పాఠం చెప్పనివ్వలేదు. 1875లో మిస్సోరీలోని కర్క్స్‌విల్ చేరి, ఎముకలు సరిచేసేవాడిగా ఊరూరూ తిరిగారు. నిజానికి ఆ విద్య కొత్తదేం కాదు. వెయ్యేళ్ల కిందటే అండలూసియాలో అల్ జహ్రావీ అత్తస్రీఫ్ గ్రంథంలో విరిగిన ఎముకలు, తొలగిన కీళ్ల గురించి వివరంగా రాశారు. 1892లో స్టిల్ కర్క్స్‌విల్‌లో కాలేజీ తెరిచారు. మొదటి బ్యాచ్‌లోనే ఆడవాళ్లకూ సీట్లిచ్చారు, ఆ కాలానికి అది చిన్న విషయం కాదు.

అయితే ఆయన ఒకచోట తప్పారు. పనికిరాని మందులతో పాటు పనికొచ్చేవాటినీ తోసేశారు, టీకాలనూ వద్దన్నారు. 1917 డిసెంబర్ 12న, 89 ఏళ్ల వయసులో కర్క్స్‌విల్‌లోనే కన్నుమూశారు. పన్నెండేళ్లకు, 1929లో, ఆయన శిష్యులే మందుల పాఠాన్ని కాలేజీల్లోకి తెచ్చారు. ఇవాళ అమెరికాలో పేరు పక్కన డి.ఓ. అని ఉంటే పూర్తి స్థాయి డాక్టరే. మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. అక్కడ పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దలు ఆ అక్షరాలు చూసి కంగారు పడనక్కర్లేదు.

మన దేశంలో సంగతి వేరు. ఆయుష్ జాబితాలో యునానీ, హోమియో ఉన్నాయి, ఆస్టియోపతి లేదు. కాబట్టి ఎక్కడ, ఎన్నేళ్లు చదివారో మొహమాటం లేకుండా అడగాలి. ఫీజు ఎంతో, ఎన్నిసార్లు రావాలో ముందే తేల్చుకోవాలి. మొదటిసారి వెళ్తే పాత దెబ్బలు, ఆపరేషన్లు, వాడుతున్న మందులు అన్నీ అడుగుతారు, నిలబెట్టి, వంచి చూస్తారు. అడగకుండా నేరుగా మెడ పట్టుకుంటే లేచి వచ్చేయడమే. ఆడవాళ్లు మహిళా వైద్యురాలిని కోరవచ్చు, ఇంటివాళ్లను లోపల కూర్చోబెట్టుకోవచ్చు. తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులుంటాయి.

మామూలు నడుం నొప్పికి కొంత ఉపశమనం దొరకొచ్చు. షుగర్, బీపీ, ఆస్తమా నయం చేస్తామంటే మాత్రం నమ్మొద్దు, ఆ మాత్రలు ఆపొద్దు. ఎముకలు గుల్లబారినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, క్యాన్సర్ ఉన్నవాళ్లు తమ డాక్టర్‌ను అడిగాకే వెళ్లాలి. మెడను గట్టిగా తిప్పడం వల్ల అరుదుగా పక్షవాతం వచ్చిన కేసులున్నాయి. ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే ఎక్స్‌రే, ఎముకల డాక్టరే దారి. నడుం నొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం, విరేచనం పట్టు తప్పినా ఆ రాత్రే పెద్దాసుపత్రికి బయల్దేరాలి, తెల్లారేదాకా ఆగకూడదు.