ప్రాణులన్నిటికీ ఒకటే చిల్లర: దాన్ని వెలికితీసిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ప్రాణం ఉన్నది ఏది, లేనిది ఏది? సైన్సు పుస్తకంలో పిల్లలకు ముందుగా ఎదురయ్యే ప్రశ్నల్లో ఇదొకటి. తిండి తీసుకోవడం, శ్వాసించడం, పెరగడం, కదలడం, చుట్టుపక్కల మార్పుకు స్పందించడం, వ్యర్థాన్ని బయటికి పంపడం, తనలాంటి దాన్ని పుట్టించడం అని వేళ్ల మీద లెక్కపెట్టి అప్పజెబుతారు. జీవులన్నీ కణాలతో తయారైనవని కూడా చెబుతారు.

కర్నూలు జిల్లా కోసిగి స్టేషన్ మీదుగా రోజూ రైళ్లు పోతుంటాయి. డీజిల్ ఇంజను ఇంధనం తాగుతుంది, కదులుతుంది, పొగ వదులుతుంది. అయినా దానికి ప్రాణం లేదు. అది పెరగదు, దెబ్బ తగిలితే దానంతట అది మానదు, పిల్ల ఇంజన్ను కనదు. అదే ఇంట్లో సంచిలో దాచిన వేరుశనగ విత్తనాన్ని చూడండి. కదలదు, మెదలదు. అయినా లోపల ప్రాణం ఉంది. తొలకరి తడి తగిలితే మొలకేస్తుంది. అందుకే ఒక్క లక్షణం చూసి తేల్చకూడదు, అన్నీ కలిపి చూడాలి.

అయితే ఈ పనులన్నిటికీ శక్తి కావాలి కదా! తిన్న జొన్నరొట్టె చేతి కదలికగా ఎలా మారుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన వాళ్లలో ముందు వరుసలో ఉన్న మనిషి మన తెలుగువాడే. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో ఏడుగురు పిల్లలు, డబ్బుకు ఇబ్బంది. చదువు మీద మనసు నిలవక, పదమూడేళ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపింది. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసులో గట్టెక్కారు.

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక స్వదేశీ ఉద్యమానికి మద్దతుగా ఖద్దరు గౌను వేసుకున్నారు. తెల్లదొర ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. ఫలితంగా పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఆయన అన్నదమ్ములు ఇద్దరూ స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బులో పేగు తిండిలోని సారాన్ని పీల్చుకోలేదు. తిన్నా ఒంటికి పట్టదు. రక్తం తగ్గి మనిషి చిక్కి శల్యమైపోతాడు.

కాకినాడలోని ఒక ధర్మసంస్థ, మామగారు డబ్బు సాయం చేస్తే 1922 అక్టోబర్‌లో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో చదువుకుంటూ పొట్టకూటి కోసం ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. తర్వాత సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ దాన్ని వాళ్లిద్దరి పేర్లతోనే నేర్చుకుంటారు.

ఆ కొలతే దారి చూపింది. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని 1927లో కనుక్కున్నారు. కండరం పని చేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి దొరికితే మళ్లీ కూడుతుంది. 1929లో ఏటీపీని వేరుచేసి చూపారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు.

ఏటీపీ అంటే ఏమిటి? తిండిని పెద్ద నోటు అనుకుంటే ఏటీపీ చిల్లర. కణం పెద్ద నోటును నేరుగా ఖర్చు పెట్టలేదు, చిల్లరగా మార్చుకోవాలి. ఏటీపీలో మూడు ఫాస్ఫేట్లు వరుసగా ఉంటాయి. చివరిది ఊడినప్పుడు వచ్చే శక్తితో కణం పని నడుస్తుంది. తిండి నుంచి వచ్చే శక్తితో అది మళ్లీ అతుక్కుంటుంది. ఇలా ఒక్క రోజులో తిరిగి తిరిగి తయారయ్యే ఏటీపీ మొత్తం దాదాపు మనిషి బరువంత ఉంటుందని అంచనా. మనిషిలో, మేకలో, పత్తి మొక్కలో, కంటికి కనిపించని బ్యాక్టీరియాలో కూడా ఇదే చిల్లర. వైరస్ మాత్రం సొంతంగా దీన్ని తయారు చేసుకోలేదు, వేరే కణంలో దూరి వాడుకుంటుంది. వైరస్‌కు ప్రాణం ఉందా లేదా అన్న వాదన తెగకపోవడానికి ఇదొక కారణం.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. కణం రెండుగా చీలాలంటే, కొత్త రక్తం పుట్టాలంటే ఇది తప్పనిసరి. స్ప్రూ జబ్బుకూ ఇదే మందైంది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు ఆ మందు చేతికొచ్చింది. ఈ రోజు బడిలో ఆడపిల్లలకు, ఆసుపత్రిలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. చాలామంది పిల్లలు దాన్ని మింగకుండా పారేస్తుంటారు.

తర్వాత లెక్కను తిరగేశారు. పెరుగుదలకు ఫోలిక్ ఆమ్లం కావాలంటే, దాన్ని పోలిన నకిలీని ఇస్తే క్యాన్సర్ కణం పెరుగుదల ఆగాలి కదా! అలా తయారైన అమినోప్టెరిన్‌తో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లల్లో జబ్బును కొంతకాలం అణచగలిగారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి నేటికీ వాడుతున్నారు. బోదకాలుకు ఇచ్చే డీఈసీ మందు కూడా ఆయన బృందం నుంచి వచ్చిందే.

ఈ కథలో మరో మనిషి ఉంది. ఆమె ఆయన భార్య శేషగిరి. కొన్నేళ్లలో తిరిగొస్తానని వెళ్లిన భర్త రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనేలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. గల్ఫ్‌కు మనిషిని పంపి ఎదురుచూసే ఇళ్లకు ఆ ఎదురుచూపు బరువు వేరే చెప్పక్కర్లేదు. ఆయన్ని తలుచుకున్నప్పుడు ఆమెనూ తలుచుకోవడం న్యాయం.

కోసిగి చుట్టుపక్కల కరువొస్తే కుటుంబాలు వలస పోతాయి. వాళ్లతోపాటు పిల్లల చదువు కూడా మూటకట్టి పోతుంది. తిరిగొచ్చాక పరీక్ష తప్పితే ఇక చాలు, పనికి పంపుదాం అనుకుంటాం. రెండుసార్లు తప్పిన సుబ్బారావును వెంకమ్మ మూడోసారి కూర్చోబెట్టింది. మన ఇంట్లో తప్పిన పిల్లకో పిల్లాడికో సప్లిమెంటరీ ఫీజు కట్టే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుకొస్తే చాలు.