విప్పి చూసి నేర్చుకున్న జి.డి. నాయుడు గారు

ఈ ఏడాది మా విద్యాలయంలో జరిగిన విజ్ఞాన ప్రదర్శన కోసం మేము ముగ్గురం కలిసి స్పార్క్ ప్లగ్గుల బోర్డు ఒకటి తయారుచేశాం. రాయ్‌పూర్‌లో జి.ఇ. రోడ్డు పక్కనున్న మెకానిక్ షెడ్లన్నీ తిరిగి, పనికిరావని పక్కన పడేసిన ప్లగ్గులు ఇరవై దాకా అడిగి తెచ్చుకున్నాం. కిరసనాయిలుతో కడగబోతుంటే షెడ్డులోని భయ్యా వద్దన్నాడు. కడిగితే వాటి మీదున్న కథంతా పోతుందని చెప్పాడు. అప్పుడు వాటిని వరసగా పెట్టి చూశాం. కొన్ని పొడి మసితో నల్లగా ఉన్నాయి, కొన్ని నూనె జిడ్డు పట్టి ఉన్నాయి, కొన్ని లేత గోధుమ రంగులో ఉన్నాయి. రెండు మాత్రం సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి.

బోర్డు కింద ఇంజన్లు బాగా తెలిసిన ఒక భారతీయుడి జీవితం రాసి పెట్టమని మా టీచరు గారు చెప్పారు. మాలో ఒకరం వాళ్ళ నాన్నగారి బదిలీకి ముందు కోయంబత్తూరులో చదువుకున్నాం. అక్కడ అవినాశి రోడ్డులో ఉన్న కార్ల మ్యూజియం చూసిన గుర్తుతో జి.డి. నాయుడు గారి పేరు చెప్పాం. మిగిలిన ఇద్దరం ఆ పేరు అంతకుముందు వినలేదు. ఆయన ఇంట్లో తెలుగే మాట్లాడేవారని తెలిశాక మాకు ఇంకా ఆసక్తి పుట్టింది.

నాయుడు గారి కథలోకి వెళ్ళేముందు ప్లగ్గు సంగతి కొంచెం చెప్పాలి. పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని పిస్టను సిలిండరులో గట్టిగా నొక్కుతుంది. సరిగ్గా అదే సమయానికి ప్లగ్గు కొసన నిప్పురవ్వ పుట్టి ఆ మిశ్రమాన్ని అంటిస్తుంది. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటే, మామూలు కారులో ఒక్కో ప్లగ్గు సెకనుకు 25 సార్లు ఈ పని చేస్తుంది. ప్లగ్గు ముక్కు సుమారు 500 డిగ్రీల వేడిలో ఉంటే దాని మీద పడిన మసి తనంతట తానే కాలిపోతుంది. 900 డిగ్రీల దరిదాపుల్లోకి వెళితే మాత్రం ఆ ముక్కే నిప్పుకణికలా మారి, రవ్వ రాకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. అలా జరిగితే పిస్టనుకే చిల్లు పడవచ్చు. లోపలి పింగాణీ ముక్కు పొడుగ్గా ఉన్న ప్లగ్గులో వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. దాన్ని హాట్ ప్లగ్గు అంటారు. ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా హెడ్డులోకి దిగిపోతుంది. అది కోల్డ్ ప్లగ్గు.

మా తెల్ల ప్లగ్గులు రెండూ ఒక పాత కారువి. దాని హెడ్డు కోయించి కంప్రెషను పెంచారు, కార్బురేటరు మార్చారు, ప్లగ్గులు మాత్రం పాత నంబరువే ఉంచారు. ఊళ్ళో బాగానే నడిచిన ఆ కారు, దుర్గ్ వైపు హైవే మీద వేగం అందుకోగానే కటకటమని కొట్టుకునేది. భయ్యా ప్లగ్గు విప్పి దాని రంగు చూసి, ఒక్క మెట్టు కోల్డ్ ప్లగ్గు వేశాడు. సందు కూడా కొంచెం తగ్గించాడు, ఎందుకంటే ఒత్తిడి పెరిగిన చోట రవ్వ దూకడం కష్టం. ఒకేసారి రెండు మెట్లు దిగితే, సిగ్నళ్ళ దగ్గర ఆగి ఆగి నడిచేటప్పుడు ముక్కు వేడెక్కక మసి పడుతుందట. మర పొడవు మాత్రం పాత ప్లగ్గుదే ఉండాలి. ఎక్కువైతే పిస్టనుకు తగులుతుంది, తక్కువైతే రవ్వ గుంటలో దాక్కుంటుంది. నంబర్లతోనూ జాగ్రత్తగా ఉండాలి. ఎన్‌జికె ప్లగ్గుల్లో అంకె పెరిగేకొద్దీ కోల్డ్, బాష్ ప్లగ్గుల్లో అంకె పెరిగేకొద్దీ హాట్. ఖరీదైన ప్లగ్గు తెచ్చి బిగించినంత మాత్రాన సరిపోదు. ఇంజను తయారుచేసినవాళ్ళు చెప్పిన నంబరుతో మొదలుపెట్టి, ఒక మెట్టు మార్చి, నడిపి, మళ్ళీ విప్పి దాని ముఖం చూడాలి.

విప్పి చూడడం అనే ఈ ఒక్క అలవాటు మీదే జి.డి. నాయుడు గారి జీవితమంతా నడిచింది.

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. తమిళనాడులో అలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎన్నో తరాల కిందట తెలుగు నేల నుంచి వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. ఈ మాట చదవగానే మాకు మా ఇళ్ళే గుర్తొచ్చాయి. బడిలో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ వింటూ, ఇంటికి రాగానే అమ్మతో తెలుగులోకి మారిపోతాం.

చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న దొరస్వామికి బడి మీద మనసు నిలవలేదు. ఆయన చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది. ఇది చదివి బడి మానేయవచ్చని ఎవరూ అనుకోకండి. బడి మానేసిన ఆ మనిషి ఆ తరువాత జీవితమంతా చదువుతూనే ఉన్నారు, చివరికి కాలేజీయే పెట్టించారు.

ఇరవై ఏళ్ళ వయసు దగ్గర పడుతుండగా ఆయన తమ పల్లెకు వచ్చిన ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు చూశారు. ఎద్దు లేదు, గుర్రం లేదు, తొక్కే పని కూడా లేదు, బండి మాత్రం పరుగెడుతోంది. అది ఎలా నడుస్తోందో తెలుసుకోవాలన్న కోరిక ఆయన్ని పొలంలో నిలవనీయలేదు. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా చేరారు. సుమారు మూడేళ్ళు వడ్డన చేసి కూడబెట్టిన డబ్బుతో, 300 రూపాయలు పెట్టి మోటారు సైకిలు కొన్నారు.

ఇంకొకరైతే దాని మీద ఊరంతా తిరిగేవారు. ఆయన దాన్ని ఊడదీశారు. ప్రతి ముక్కా విడిగా పెట్టి చూసి, మళ్ళీ బిగించి, నడిపించారు. అది ఎంత పెద్ద సాహసమో మాకు బోర్డు చేస్తున్నప్పుడే అర్థమైంది. నేటి స్పార్క్ ప్లగ్గుకు తోడైన హై వోల్టేజి మాగ్నెటోను జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీరు గాట్లోబ్ హొనాల్డ్ రూపొందించింది 1902లో. అంటే దొరస్వామి పానా పట్టే నాటికి ఈ విద్య లోకానికే కొత్త. మెకానిక్కులే అరుదైన ఆ రోజుల్లో, మూడేళ్ళ కష్టార్జితాన్ని ముక్కలు చేసి ముందు పెట్టుకున్నారాయన. మళ్ళీ బిగించలేకపోతే మూడేళ్ళ కష్టమూ మట్టిపాలే.

అలా మెకానిక్ అయ్యారు. తరువాత పత్తి వ్యాపారంలో దిగి, బొంబాయి దాకా వెళ్ళి, సంపాదించినదంతా పోగొట్టుకుని తిరిగి వచ్చారు. అప్పుడు కోయంబత్తూరులోని స్టేన్స్ దొర ఆయన పనితనం మీద నమ్మకంతో ఒక బస్సు సమకూర్చుకోవడానికి సాయం చేశారు. 1920లో ఆ బస్సును పొల్లాచి, పళని ఊళ్ళ మధ్య నాయుడు గారు స్వయంగా నడిపారు. దారిలో ఇంజను ఆగితే దిగి బాగుచేసుకోవలసిందీ ఆయనే. ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. యు.ఎం.ఎస్. అనే ఆ పేరు కొన్నేళ్ళలోనే దేశంలో చక్కగా నడిచే బస్సు సంస్థల్లో ముందు వరసలో నిలిచింది.

బస్సులతో ఆగి ఉంటే ఆయన ఒక ధనవంతుడిగా మిగిలేవారు. కానీ కనబడిన ప్రతి యంత్రాన్నీ విప్పి చూడాలన్న ఆశ ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. యూరప్ దేశాలు తిరిగి కర్మాగారాలు చూశారు. బ్యాటరీతో నడిచే చిన్న మోటారున్న గడ్డం గీసుకునే రేజరు చేసి, దానికి రసాంత్ అని పేరు పెట్టారు. పళ్ళ రసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, మోసానికి వీల్లేకుండా ఓట్లు నమోదు చేసే యంత్రం కూడా ఆయన చేతిలో రూపుదిద్దుకున్నాయి. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి, పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో మన దేశంలోనే తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారును తీసుకువచ్చారు. తరువాతి కాలంలో కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు పేరు మోసిన ఊరైంది. ఆ దారిలో తొలి అడుగుల్లో అదొకటి.

1944లో ఆయన మోటారు వ్యాపారం నుంచి తప్పుకుని చదువుల వైపు తిరిగారు. ఆయన ఇచ్చిన విరాళంతో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు మీద పాలిటెక్నిక్, ఇంజనీరింగు కాలేజీ వెలిశాయి. ప్రాథమిక తరగతులతో బడి మానేసిన మనిషి 1945లో ఇంజనీరింగు కాలేజీకి తొలి ప్రిన్సిపాల్ అయ్యారు! అయితే నాలుగేళ్ళ కోర్సు కాలాన్ని వృథా చేస్తుందని, చేతులతో పనిచేస్తూ నేర్చుకుంటే రెండేళ్ళు చాలని ఆయన నమ్మకం. ప్రభుత్వం దానికి ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశారు. నాలుగేళ్ళా రెండేళ్ళా అని మేమూ వాదించుకున్నాం, తేలలేదు. ఆ కాలేజీయే నేడు కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

ఆయన జీవితంలో మమ్మల్ని ఎక్కువ బాధపెట్టిన సంగతి 1952 నాటిది. ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారుచేసి, ధర 2000 రూపాయలే అన్నారు. దాన్ని పెద్దఎత్తున తయారు చేయడానికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడితో ఆగిపోయింది. ఇంజనులో తప్పుంటే ఆయన విప్పి సరిచేసేవారు. కాగితం మీద ఆగిపోయిన కారును ఏ పానాతో కదిలించగలరు? ఆయన ఆలోచనల్లో చాలావాటికి ఇదే గతి పట్టింది. ఆయన పేరు మనకు తెలియకపోవడానికి అదీ ఒక కారణమేమో అనిపించింది.

అయినా ఆయన పని మానలేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటల మీద కూడా ప్రయోగాలు చేశారు. సర్ సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య వంటివారు ఆయన తోట చూడడానికి వచ్చారు. 1974 జనవరి 4న నాయుడు గారు కన్నుమూశారు.

ప్రదర్శన రోజున మేము బోర్డు పక్కన ఒక పానా, పాత ఇంజను హెడ్డు ఒకటి పెట్టాం. ఎవరైనా ప్లగ్గు విప్పి, రంగు చూసి, ఆ బండి కష్టమేమిటో చెప్పవచ్చని రాశాం. మొదట అందరూ చేతులు నల్లబడతాయని వెనకాడారు. ఆరో తరగతి పాప ఒకతె ముందుకొచ్చి విప్పింది. తరువాత వరస కట్టారు. సాయంత్రానికి మా బోర్డు మీద జి.డి. నాయుడు గారి పేరు చుట్టూ మసి వేలిముద్రలే.

మార్చి తరువాత మా ముగ్గురిలో ఒకరికి విశాఖపట్నం బదిలీ ఉంది. బోర్డు మాత్రం ఇక్కడి ప్రయోగశాలలోనే ఉంటుంది. మా తరువాత ఈ బడికి వచ్చేవాళ్ళకు ఒక్క మనవి. దాన్ని అద్దాల బీరువాలో పెట్టకండి, విప్పి చూడండి.