పట్టికలో చేరిన పేరు

కంపెనీవారి ఆస్తి అప్పుల పట్టీ క్రింద ఆడిటరు చేయు సంతకమునకు విలువ ఎచ్చటనుండి వచ్చును? చిట్టా ఆవర్జాలు పరిశీలించు నేర్పు వలన కొంత వచ్చును. తక్కినదంతయు ఆ మనిషి నిజాయితీ మీద లోకమునకు గల నమ్మకము వలన వచ్చును. ఆ నమ్మకమునకు గుర్తుగా ప్రభుత్వము ఒక పట్టికను ఉంచి, అందు పేరున్నవారికే ఆ పని అప్పగించెను. దేశము కొరకు చెరసాలకు పోయిన కారణమున ఆ పట్టికలో చోటు లేదనిపించుకొని, పోరాడి చోటు సంపాదించిన స్త్రీ ఆర్. శివభోగము. భారతదేశమున తొలి మహిళా చార్టర్డ్ అకౌంటెంటు ఆమెయే.

ఆమె 1907 జూలై 23న జన్మించెను. నాడు తెలుగు, తమిళ జిల్లాలకు ఉమ్మడి రాజధానియైన చెన్నపట్టణమున లేడీ విల్లింగ్డన్ పాఠశాలలోను, క్వీన్ మేరీస్ కళాశాలలోను చదివెను. బాలవితంతువుల విద్యకై జీవితము ధారపోసిన సిస్టర్ సుబ్బలక్ష్మి ప్రభావము ఆమెపై మెండు. స్వదేశీ ఉద్యమమున పాల్గొని, వేలూరు కారాగారమున ఒక సంవత్సరము గడపెను.

చెర విడిచిన పిమ్మట ఆమె ఎన్నుకొన్న మార్గము విచిత్రమైనది. ఉపాధ్యాయిని కావచ్చును, వైద్యురాలు కావచ్చును. ఆ దారులలో అప్పటికే కొందరు స్త్రీలు నడచియుండిరి. ఆమె లెక్కల తనిఖీ వృత్తిని కోరెను. 1913 నాటి కంపెనీల చట్టము ఆడిటరులకు ప్రభుత్వ యోగ్యతాపత్రము కావలెనని విధించెను. అందుకై బొంబాయి ప్రభుత్వము 1918లో అకౌంటెన్సీ డిప్లొమాను ఏర్పరచెను. పుస్తకములు చదివినంతనే చాలదు. అనుభవజ్ఞుడైన ఆడిటరు వద్ద శిష్యరికము చేసి, ఇతరుల పద్దులలో తప్పులు పట్టుట నేర్వవలెను. సి.ఎస్. శాస్త్రి కార్యాలయమున ఆమెకు ఆ శిక్షణ లభించెను. 1933లో ఆమె డిప్లొమా పరీక్షలో ఉత్తీర్ణురాలయ్యెను. దానిని సాధించిన మొదటి స్త్రీ ఆమె.

అచ్చటనే చిక్కు వచ్చినది. కారాగారశిక్ష అనుభవించినవారు అకౌంటెంటుగా నమోదు కారాదని నిబంధన. ఇట్టి నిబంధన అసలే ఉండరాదనుట సరికాదు. దొంగలెక్కలు వ్రాసి జైలుకు పోయినవాని సంతకమును నమ్మి ఎవరు వాటాలు కొందురు? కాని దొంగలెక్కలు వ్రాసినవానిని, దేశము కొరకు శిక్షకు తలయొగ్గిన యువతిని ఒకే తాటను కట్టిన ప్రభుత్వమునకు నిజాయితీ అనగా ఏమో తెలియలేదనవలెను. ఆమె క్షమాపణ కోరలేదు, వేరు వృత్తి వెదకలేదు. న్యాయస్థానమును ఆశ్రయించెను. తీర్పు ఆమె పక్షమున వచ్చినది. 1937లో స్వంతముగా ప్రాక్టీసు ఆరంభించెను.

స్వాతంత్ర్యానంతరము 1949 జూలై 1న చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ చట్టరీత్యా ఏర్పడినది. 1950లో శివభోగము అందు ఫెలో సభ్యురాలయ్యెను. 1955 నుండి 1958 వరకు దక్షిణభారత ప్రాంతీయ మండలికి అధ్యక్షత వహించెను. నేడు ఆత్మకూరు వంటి పాలమూరు సీమ పట్టణమునుండి ఈ చదువునకు బయలుదేరు విద్యార్థియు ఆ మండలి పరిధిలోనివాడే.

ఖద్దరు విడువలేదు, వివాహము చేసికొనలేదు. ధర్మసంస్థల లెక్కలను ఉచితముగ తనిఖీ చేసెడిది. ఒక్క ప్రయత్నముననే చివరి పరీక్ష నెగ్గినవారిలో ఉత్తమురాలైన యువతికి 1956లో ఒక బహుమతిని ఏర్పరచెను. పదేండ్ల తరువాత, 1966 జూన్ 14న ఆమె మరణించెను.