వాల్ట్ డిస్నీ: పెన్సిల్ పక్కన పెట్టి.. బొమ్మలకు నడక నేర్పించిన మనిషి

కార్టూన్ క్యారెక్టర్ దూకే ముందు కాస్త వంగుతుంది. కింద పడగానే నొక్కుకుపోయి, మళ్లీ సాగుతుంది. కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయే ఈ కదలికలే ఆ బొమ్మకు బరువుందని, ప్రాణం ఉందని మనల్ని నమ్మిస్తాయి. ఇప్పుడు ఫోన్‌లో చూసే త్రీడీ సినిమాల్లోనూ కనిపించే ఈ సూత్రాలు 1930ల్లో వాల్ట్ డిస్నీ స్టూడియోలో రూపుదిద్దుకున్నాయి. విచిత్రం ఏంటంటే.. అప్పటికే ఆయన స్వయంగా యానిమేషన్ గీయడం మానేశారు.

దివాలా నుంచి మిక్కీ దాకా..

డిస్నీ 1901 డిసెంబర్ 5న షికాగోలో పుట్టారు. కాన్సాస్ సిటీలో పెట్టిన కంపెనీ 1923లో దివాలా తీసింది. హాలీవుడ్ వెళ్లి, అన్న రాయ్‌తో కలిసి మళ్లీ మొదలుపెట్టారు. 1928లో మరో దెబ్బ తగిలింది. బాగా ఆడుతున్న ఓస్వాల్డ్ కుందేలు పాత్రపై హక్కులు తనవి కావని తేలింది. చాలామంది ఆర్టిస్టులూ వెళ్లిపోయారు. పాత మిత్రుడు అబ్ ఐవర్క్స్ మాత్రం ఉండిపోయారు. ఆయన గీసిన మిక్కీ మౌస్‌తో అదే ఏడాది నవంబర్ 18న వచ్చిన ‘స్టీమ్‌బోట్ విల్లీ’ స్టూడియో దశ తిప్పేసింది.

పిండి సంచి నేర్పిన పాఠం

అప్పటి కార్టూన్లలో కాళ్లు, చేతులు రబ్బరు గొట్టాల్లా ఉండేవి. ఎముక లేదు, బరువు లేదు. నవ్వించడానికి సరిపోయేవి కానీ ఏడిపించలేవు. డిస్నీకి అది చాలలేదు. ఆర్టిస్టులను తన కారులోనే రాత్రి క్లాసులకు తీసుకెళ్లేవారు. 1932లో టీచర్ డాన్ గ్రాహంతో స్టూడియోలోనే క్లాసులు పెట్టించారు. మనుషులు ఎలా కదులుతారో ఫిల్మ్‌ను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి చూసేవారు.

అక్కడ ఒక ఫేమస్ పరీక్ష సగం నిండిన పిండి సంచి. దానికి ముఖం లేదు. అయినా వంగితే దిగులు, నిటారుగా సాగితే సంతోషం కనిపించాలి. ఎంత నొక్కినా, సాగదీసినా లోపలి పిండి పెరగకూడదు, తగ్గకూడదు. లెక్క తప్పితే సంచి ఉబ్బినట్టో, కుంచించుకుపోయినట్టో ఉంటుంది.

ఇలాంటివే మరికొన్ని.. మనిషి ఆగినా ఒంటిమీద గౌను వెంటనే ఆగదు. చెయ్యి తిన్నగా కాదు, వంపు తిరుగుతూ కదులుతుంది. తల తిప్పడాన్ని తక్కువ బొమ్మల్లో చూపిస్తే ఉలికిపాటు, ఎక్కువ బొమ్మల్లో చూపిస్తే ఆలోచన. 1933లో వచ్చిన ‘త్రీ లిటిల్ పిగ్స్’లో పందులు చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. ఎవరు ఎలాంటివాళ్లో వాటి కదలికే చెప్పేస్తుంది.

ఇల్లు తాకట్టు పెట్టి..

ఆ ధైర్యంతోనే 83 నిమిషాల ‘స్నో వైట్’ మొదలుపెట్టారు. అంతసేపు కార్టూన్ ఎవరు చూస్తారని హాలీవుడ్ నవ్వింది. రెండున్నర లక్షల డాలర్లు అనుకున్న ఖర్చు దాదాపు 15 లక్షలకు చేరింది. ఇల్లు తాకట్టు పెట్టారు, బ్యాంకు అప్పు తెచ్చారు. 1937 డిసెంబర్ 21న తొలి షోలో, స్నో వైట్ చుట్టూ మరుగుజ్జులు దుఃఖించే సీన్‌కు హాలంతా కన్నీళ్లు పెట్టుకుంది. ఆ సీన్‌లో మరుగుజ్జులు దాదాపు కదలనే కదలరు. బొమ్మను ఎప్పుడు కదపకూడదో కూడా ఆ ఆర్టిస్టులు నేర్చుకున్నారు.

సమ్మె తెచ్చిన చీలిక

అయితే ఈ విజయం అందరికీ సమానంగా దక్కలేదు. జీతాల్లో తేడాలు, తెరపై పేర్లు పడకపోవడం, యూనియన్ గొడవ ముదిరి 1941 మే 29న సమ్మె మొదలైంది. చివరికి డిస్నీ యూనియన్‌ను ఒప్పుకోక తప్పలేదు. కానీ పాత చనువు మళ్లీ రాలేదు.

1966 డిసెంబర్ 15న డిస్నీ కన్నుమూశారు. క్లాసుల్లో, గీతల్లో పోగైన ఆ విద్యను ఆయన స్టూడియోలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో 12 సూత్రాలుగా పుస్తకంలో పెట్టారు. ఇప్పుడు రెండు ఫ్రేముల మధ్య బొమ్మలను కంప్యూటరే నింపేస్తోంది. అయినా యానిమేషన్ నేర్చుకునేవాళ్లకు నేటికీ తొలి పాఠాలు అవే.. ఎగిరే బంతి, సగం నిండిన పిండి సంచి.