శ్రీమతి కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు



విజయనగర ప్రభువులైన ఆనంద గజపతి మహారాజుగారు నాటి విశాఖపట్టణము జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబములలో శుల్కము గొని చేసిన వివాహముల పట్టిక వ్రాయించిరి. మూడేండ్లలో అట్టివి 1034 జరిగెనని గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చుపడిన కన్యాశుల్కపు పీఠికలో తెలిపిరి. వధువులలో అయిదేండ్లవారు 99 మంది; ఏడాది శిశువులు ముగ్గురు. ముసలి భర్త మరణింపగా ఇట్టి బాలలు శిరోముండనము పొంది, ఒంటిపూట భోజనముతో, అశుభమూర్తులని నిందలు పడుచు, సొంతయింటనే దాసీలవలె బ్రదుకవలసివచ్చెడిది. అట్టివారిని చేరదీసిన తల్లి రాజ్యలక్ష్మమ్మగారు.

ఆమె 1851లో జన్మించెను. చిన్ననాటి పేరు బాపమ్మ. బాల్యముననే కందుకూరి వీరేశలింగము పంతులుగారితో వివాహమయ్యెను. 1881 డిసెంబరు 11వ తేదీన పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. వెంటనే వెలి ప్రాప్తించెను. వంటవారును నీళ్లు మోయువారును మానివేసిరి. భర్తను విడిచి రమ్మని బంధువులు నిర్బంధించిరి. ఆమె చలింపలేదు. గోదావరినుండి తానే నీరు మోసితెచ్చి, తానే వండి, అందఱకును వడ్డించెను.

పంతులుగారు తమ జీవితకాలమున నలుబది వఱకు ఇట్టి వివాహములు చేయించిరి. మూడుముళ్లు ఒక్క దినమున పడును. ఏండ్లతరబడి నిందలు పడిన మనస్సు ఒక్క దినమున కుదుటపడదు. ఆ నెమ్మదియైన పని రాజ్యలక్ష్మమ్మగారిది. ఇంట చేరిన బాలవితంతువులకు ఆమె తల్లియయ్యెను. మోసపోయి గర్భవతులై, తమవారిచే వెడలగొట్టబడినవారికిని ఆశ్రయమిచ్చి పురుళ్లు పోసెను. తనకు సంతానము లేదు. ఆ బిడ్డలే ఆమెకు బిడ్డలు. వేళకు అన్నము, నిందలేని మాట, రేపును ఇచ్చటనే యుండవచ్చునను ధైర్యము: ఆమె నిత్యము ఇచ్చిన ఔషధము లివియే. పిదప రాజమహేంద్రవరపు తోటలో వితంతు శరణాలయము వెలసినపుడును ఆమె యీ సేవ మానలేదు. 1910 ఆగస్టు 11వ తేదీన పరమపదించెను.

బాలబాలికలారా, ఇంట హింసపడినవారు, నమ్మినవారిచే గాయపడినవారు నేడును మన నడుమ నున్నారు. మీ ప్రక్క బల్లపై మాటలాడక కూర్చుండు సహపాఠి అట్టివారిలో ఒకరు కావచ్చును. జరిగినది చెప్పుమని పీడింపకుడు. త్వరగా మఱచిపొమ్మని తొందరపెట్టకుడు. నేడు ప్రక్కన కూర్చుండుడు, రేపును కూర్చుండుడు. వారు నోరు విప్పిననాడు నమ్ముడు. నమ్మదగిన పెద్దల యొద్దకు తోడు వెళ్లుడు. రాజ్యలక్ష్మమ్మగారు మోసిన నీరు ఒక్క బిందె కాదు. ప్రతిదినము మోసిన నీరు.